పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టేనా?

అందరికీ నమస్కారం. అలర్జీ మీద ప్రసంగం అనగానే ఏవి తినొచ్చు, ఏవి మానాలి అనే జాబితా కోసం ఎదురుచూస్తారు. ఈరోజు జాబితా ఇవ్వను. అలాంటి జాబితాలు ఎలా పుడతాయో, ఎక్కడ బెడిసికొడతాయో చెప్తాను.

ఒక రక్తపరీక్ష రిపోర్టు ఉందనుకోండి. నలభై పదార్థాల పేర్లు, పక్కన అంకెలు. పదింటికి ఎదురుగా పాజిటివ్ అని అచ్చయి ఉంది. ఆ పదింటిలో ఎనిమిదింటిని ఆ మనిషి ఏళ్ల తరబడి తింటూనే ఉన్నాడు, ఏనాడూ ఏమీ కాలేదు. రిపోర్టు చేతికొచ్చిన మర్నాటి నుంచి అన్నీ మానేస్తాడు. ఆ ఎనిమిదీ మానక్కర్లేదు. అంతేకాదు, పసిపిల్లల విషయంలో ఇలా మాన్పించడమే లేని అలర్జీని తెచ్చిపెట్టవచ్చు. ఎందుకంటే ఆ పరీక్ష కొలిచేది ఐజీఈ అనే యాంటీబాడీని, అంటే బయటి పదార్థాన్ని గుర్తుపట్టడానికి మన రక్షణ వ్యవస్థ తయారుచేసే ఒక ప్రోటీన్‌ను. ఐజీఈ ఉండటం వేరు, అలర్జీ ఉండటం వేరు. నా ప్రసంగమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. చర్మమో, శ్వాసనాళాల లోపలి పొరో దెబ్బతిన్నచోట ఒక ప్రోటీన్ లోపలికి చొరబడుతుంది. ఆ పొరలోని కణాలు ఐఎల్-33, టీఎస్ఎల్‌పీ లాంటి హెచ్చరిక సంకేతాలు వదులుతాయి. కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు ఆ ప్రోటీన్ ముక్కల్ని లింఫు గ్రంథులకు మోసుకెళ్లి, రక్షణ వ్యవస్థను నడిపించే టీ కణాలకు చూపిస్తాయి. ఆ సంకేతాల ప్రభావంతో టీ కణాలు టీహెచ్2 రకంగా మారతాయి. అవి విడుదల చేసే ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాలు అందుకున్న బీ కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసే కణాలు, ఐజీఈ తయారుచేస్తాయి. రక్తంలో తిరిగే ఐజీఈ రెండు మూడు రోజుల్లో సగానికి తగ్గిపోతుంది. కానీ చర్మంలో, ముక్కులో, పేగుల్లో ఉన్న మాస్ట్ కణాలకు, అంటే అలర్జీ రసాయనాలు నింపుకున్న కణాలకు, అతుక్కున్న ఐజీఈ వారాల తరబడి అలాగే ఉంటుంది. ఇక్కడిదాకా మనిషికి ఒక్క తుమ్ము కూడా రాలేదు. దీన్నే సెన్సిటైజేషన్ అంటాం. చాలామంది ఈ దశ దాటరు.

అదే ప్రోటీన్ మళ్లీ వచ్చి, మాస్ట్ కణం మీద పక్కపక్కనే ఉన్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుంటేనే కథ మొదలవుతుంది. నిమిషాల్లో ఆ కణంలోంచి హిస్టమిన్, ట్రిప్టేజ్ అనే పదార్థాలు బయటికి వస్తాయి. ఆ వెంటనే వాపు తెచ్చే ల్యూకోట్రయీన్లు, ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. దురద, తుమ్ములు, దద్దుర్లు ఈ దశవి. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు చేరి రెండో విడత వాపు తెస్తాయి. పొద్దున తుమ్మిన మనిషికి సాయంత్రానికి ముక్కు దిబ్బడ వేయడం దీని వల్లే. హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్ర తుమ్ములు ఆపుతుంది గానీ దిబ్బడ మీద పెద్దగా పనిచేయదు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే దిబ్బడ తగ్గిస్తుంది, కానీ రోజూ వాడితే కొన్ని రోజులకు గానీ పూర్తి ఫలితం కనబడదు. రెండు రోజులు కొట్టుకుని "పనిచేయలేదు" అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టుకోవాలి. అప్పుడు మందు మధ్య గోడకు తగలకుండా పక్క గోడ మీద పడుతుంది. మధ్య గోడకు తగిలితే ముక్కులోంచి రక్తం రావచ్చు.

ఈ ఐజీఈ ఎలా బయటపడిందో చెప్పి తీరాలి. 1921లో జర్మనీలో కార్ల్ ప్రౌస్నిట్జ్, హైంజ్ క్యూస్ట్నర్ ఒక ప్రయోగం చేశారు. క్యూస్ట్నర్‌కు చేప పడదు. ఆయన రక్తంలోంచి సీరం తీసి, ప్రౌస్నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నారు. మర్నాడు సరిగ్గా అదే చోట చేప సారాన్ని ఎక్కిస్తే దద్దు లేచింది. అంటే అలర్జీని మోసేదేదో సీరంలో ఉంది. అదేమిటో తేల్చడానికి మరో 45 ఏళ్లు పట్టింది. 1966, 67ల్లో అమెరికాలోని డెన్వర్‌లో కిమిషిగె, తెరుకో ఇషిజాక దంపతులు, స్వీడన్‌లోని ఉప్సలలో యోహన్సన్, బెన్నిక్ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశంలో ఐజీఈ అనే పేరు ఖాయమైంది. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందంటే రక్తంలో దాని మోతాదు అంత తక్కువ. రక్తంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే యాంటీబాడీ ఐజీజీతో పోలిస్తే పదివేల వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు. అసలు పనిచేసేది మాస్ట్ కణాల మీద కూర్చుని ఉంటే, మనం రక్తపరీక్షలో కొలిచేది బయట తేలుతున్న కాస్తనే. ఆ అంకెను అతిగా నమ్మకూడదనడానికి ఇదొక కారణం.

ఇక అసలు అలర్జీ ఎందుకొస్తుంది? 1989లో డేవిడ్ స్ట్రాకన్ 17,414 మంది బ్రిటిష్ పిల్లల వివరాలు పరిశీలించి, పైన అన్నలూ అక్కలూ ఎక్కువున్న పిల్లలకు పుప్పొడి జలుబు తక్కువని గమనించారు. చిన్నప్పటి ఇన్ఫెక్షన్లు రక్షణ ఇస్తున్నాయేమో అన్నారు. అది కాలక్రమంలో "మురికి మంచిదే" అనే నినాదంగా దిగజారింది. చేతులు కడుక్కోవడం మానమని ఆయన అనలేదు. ఆ ఆలోచనకు పదును పెట్టింది 2016లో వచ్చిన ఆమిష్, హటరైట్ అధ్యయనం. అమెరికాలో వ్యవసాయం చేసుకునే ఈ రెండు సమాజాల పూర్వీకులు, తిండి, జీవనం దాదాపు ఒకటే. తేడా అల్లా, ఆమిష్ వాళ్లు ఇంటి పక్కనే పశువుల కొట్టాలతో పాత పద్ధతిలో సాగు చేస్తారు, హటరైట్లు ఇళ్లకు దూరంగా యంత్రాలతో చేస్తారు. ఉబ్బసం ఆమిష్ పిల్లల్లో దాదాపు 5 శాతం, హటరైట్ పిల్లల్లో 21 శాతం. ఆమిష్ ఇళ్ల దుమ్ములో ఎండోటాక్సిన్, అంటే బాక్టీరియా పై గోడలోని పదార్థం, 6.8 రెట్లు ఎక్కువ. ఆ దుమ్ము సారాన్ని ఎలుకల ముక్కుల్లో వేస్తే వాటికి ఉబ్బసం లాంటి స్థితి రాకుండా ఆగింది. అంటే ఇన్ఫెక్షన్ రావడం ముఖ్యం కాదు. రకరకాల సూక్ష్మజీవుల సాంగత్యం మొదటి నుంచీ ఉండటం ముఖ్యం.

ఆహార అలర్జీకి వస్తే కారణం మరోవైపు తిరిగింది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడేళ్లదాకా వేరుశెనగ పెట్టొద్దంది. 2008లో ఆ సలహాను వెనక్కి తీసుకుంది. 2015లో గిడియన్ లాక్ బృందం ప్రచురించిన లీప్ అధ్యయనం పాత ఆలోచననే తల్లకిందులు చేసేసింది. ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురదతో చిట్లే జబ్బు, బాగా ఎక్కువగానో, గుడ్డు అలర్జీయో ఉన్న 4 నుంచి 11 నెలల పిల్లలు 640 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గం పిల్లలకు వారానికి మొత్తం 6 గ్రాముల వేరుశెనగ ప్రోటీన్, కనీసం మూడు విడతలుగా తినిపించారు. రెండో వర్గానికి అసలు పెట్టలేదు. ఐదేళ్లు వచ్చేసరికి, మొదట్లో చర్మపరీక్ష నెగటివ్‌గా ఉన్న పిల్లల్లో, మానినవాళ్లలో 13.7 శాతం మందికి అలర్జీ వచ్చింది, తిన్నవాళ్లలో 1.9 శాతం మందికే. చర్మపరీక్ష కాస్త పాజిటివ్‌గా ఉన్నవాళ్లలో 35.3కి 10.6. ఈ రెండో జత అంకెలు గుర్తుపెట్టుకోండి. పరీక్ష పాజిటివ్ వచ్చిన పిల్లలకు కూడా, జాగ్రత్తగా మొదలుపెట్టి తినిపిస్తే, చాలామందికి మేలే జరిగింది.

ఎందుకిలా? ఆహార ప్రోటీన్ నోటి ద్వారా వెళ్తే పేగుల్లోని వ్యవస్థ దాన్ని సహించడం నేర్చుకుంటుంది. చిట్లిన చర్మం ద్వారా వెళ్తే శత్రువని నేర్చుకుంటుంది. ఇంట్లో అందరూ తింటుంటే ఆ పొడి దుమ్ములో ఉంటుంది. పిల్లవాడి నోటికి అందకపోయినా ఎగ్జిమా ఉన్న చర్మానికి అందుతుంది. చర్మం పై పొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపాలుంటే ఎగ్జిమా ముప్పు పెరుగుతుందని 2006లో డండీ పరిశోధకులు చూపించడంతో ఈ వాదన బలపడింది. అయితే పుట్టగానే రోజూ మాయిశ్చరైజర్ రాస్తే సరిపోతుందనుకున్నవాళ్లకు 2020లో బీప్ ట్రయల్ నిరాశ మిగిల్చింది. ఏడాదిపాటు రాసినా ఎగ్జిమా తగ్గలేదు. సిద్ధాంతం బాగుందని చికిత్స పనిచేసి తీరాలని లేదు.

ఒక హెచ్చరిక. పసిపిల్లలకు వేరుశెనగను గింజలు గింజలుగా ఎప్పుడూ పెట్టకూడదు, గొంతులో అడ్డం పడతాయి. మెత్తని ముద్దను గోరువెచ్చని నీళ్లలో పలచగా కలిపి పెట్టాలి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా, గుడ్డు అలర్జీ ఉన్నా, ముందు వైద్యుడికి చూపించి మొదలుపెట్టాలి.

ఇప్పుడు నిర్ధారణ. మొదటి పరికరం ప్రశ్న. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎన్ని నిమిషాలకు మొదలైంది, తిన్న ప్రతిసారీ వస్తుందా, పచ్చిదా ఉడికిందా, ఆ పూట వ్యాయామం చేశారా, నొప్పి మాత్ర వేసుకున్నారా, మద్యం తాగారా. ఐజీఈ వల్ల వచ్చే ఆహార అలర్జీ చాలావరకు కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు మొదలవుతుంది. దీనికి పెద్ద మినహాయింపు ఆల్ఫా-గాల్ అనే, జంతు మాంసంలో ఉండే ఒక చక్కెర. కొన్ని రకాల గోమార్లు, అంటే జంతువుల ఒంటిని పట్టుకుని రక్తం తాగే పురుగులు (టిక్స్), కుట్టాక ఆ చక్కెరకు ఐజీఈ పుడుతుంది. తర్వాత మాంసం తిన్న మూడు నుంచి ఆరు గంటలకు, నడిరాత్రి దద్దుర్లతో మెలకువ వస్తుంది. రాత్రి తిన్న మాంసాన్ని ఎవరూ అనుమానించరు. అడగకపోతే ఏ పరీక్ష రాయాలో కూడా తట్టదు. ఇంకొకటి, ఒకే చేప తిన్న నలుగురికీ ఒకేసారి ముఖం ఎర్రబడిందంటే అది అలర్జీ కాదు. సరిగా చల్లగా ఉంచని చేపలో హిస్టమిన్ పేరుకుంది, అంతే.

చర్మపరీక్ష చూడటానికి తేలిక, చెడగొట్టడం ఇంకా తేలిక. ముంజేయి లోపలివైపు, మణికట్టుకు 5 సెంటీమీటర్లు, మోచేతి మడతకు 3 సెంటీమీటర్లు వదిలి చుక్కలు వేయాలి. చుక్కకూ చుక్కకూ కనీసం 2 సెంటీమీటర్లు ఎడం. ఆ చుక్కలు అలర్జీ తెచ్చే పదార్థాల సారాలు. ప్రతి చుక్కకూ కొత్త లాన్సెట్, అంటే గుచ్చే చిన్న సూది. చుక్క మీదుగా నిలువుగా గుచ్చి తీయాలి, రక్తం రాకూడదు. మిగిలిన ద్రవాన్ని కాగితంతో అద్దాలి. అడ్డంగా తుడిస్తే పక్క చుక్కతో కలిసిపోతుంది. వీటితో పాటు రెండు తప్పనిసరి: ఉప్పునీటి చుక్క ఒకటి, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల హిస్టమిన్ చుక్క ఒకటి. 15 నుంచి 20 నిమిషాలకు ఉబ్బు వ్యాసం కొలవాలి. కొలిచేది ఉబ్బును, చుట్టూ ఉన్న ఎరుపును కాదు. బాగా పొడవున్న వైపు ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలిచి సగటు తీయాలి. ఉప్పునీటి ఉబ్బు కన్నా కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్.

హిస్టమిన్ చుక్క లేవలేదంటే ఆ రోజు పరీక్ష చెల్లదు. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: రోగి వారం లోపల యాంటీహిస్టమిన్ వేసుకుని ఉంటాడు. జలుబు మాత్రల్లో, దగ్గు సిరప్‌లో, నిద్ర మాత్రల్లో కూడా అది ఉంటుంది. "అలర్జీ మాత్ర వేసుకున్నారా" అని అడిగితే లేదంటారు, "ఏ మాత్రలైనా వేసుకున్నారా" అని అడిగితే బయటపడుతుంది. అటు ఉప్పునీటి చుక్క కూడా లేచిందంటే గీరితేనే దద్దు లేచే చర్మం అది. ఇంకో చిక్కు, పండ్ల సారాలు సీసాలో నిల్వ ఉంటే ప్రోటీన్ విరిగిపోతుంది, పరీక్ష నెగటివ్ వస్తుంది. అందుకని ముందు తాజా పండును గుచ్చి, అదే సూదితో చర్మాన్ని గుచ్చుతారు. తీవ్రమైన అలర్జీ దాడి జరిగిన వెంటనే పరీక్ష చేస్తే మాస్ట్ కణాలు ఖాళీ అయి ఉండి తప్పుడు నెగటివ్ రావచ్చు. నాలుగైదు వారాలు ఆగడం మంచిది.

సభలోంచి ప్రశ్న: యాంటీహిస్టమిన్ ఆపడం కుదరని వాళ్లకు?

రక్తపరీక్ష. దానికి మందులు అడ్డు రావు. ఐజీఈ లీటరుకు 0.35 కిలోయూనిట్లు దాటితే పాజిటివ్ అనేది పాత గీత. ఇప్పటి యంత్రాలు 0.1 దాకా పట్టగలవు. గీత కిందికి దిగే కొద్దీ అలర్జీ లేనివాళ్లు కూడా పాజిటివ్ అవుతారని మరవకండి. ఉబ్బు పెద్దదైనా, అంకె పెద్దదైనా అలర్జీ ఉండే అవకాశం పెరుగుతుంది. వస్తే ఎంత తీవ్రంగా వస్తుందో అది చెప్పదు. ఈ రెంటినీ డాక్టర్లే కలిపేస్తుంటారు.

మొదట చెప్పిన రిపోర్టులో ఎనిమిది అనవసరపు పాజిటివ్‌లు ఎలా వచ్చాయి? ప్రోటీన్ల పోలికల వల్ల. బర్చ్ చెట్టు పుప్పొడిలోని బెట్ వీ 1, ఆపిల్‌లోని మాల్ డీ 1 దాదాపు ఒకేలా ఉంటాయి. పుప్పొడి మీద తయారైన ఐజీఈ ఆపిల్‌నూ పట్టుకుంటుంది. ఆ మనిషికి పచ్చి ఆపిల్ తింటే నోరు దురద పెడుతుంది, ఉడికిస్తే ఏమీ కాదు, వేడికి ఆ ప్రోటీన్ విడిపోతుంది. దుమ్ము మైట్ల, అంటే ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనబడని పురుగుల, అలర్జీ ఉన్నవాళ్లకు రొయ్యల పరీక్ష పాజిటివ్ రావడం కూడా ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ పోలిక వల్ల జరుగుతుంది. అందుకే ఇప్పుడు పదార్థం మొత్తానికి కాకుండా ఒక్కో ప్రోటీన్‌కు విడిగా ఐజీఈ చూస్తున్నారు. వేరుశెనగలో ఆరా హెచ్ 2కి ఐజీఈ ఉంటే నిజమైన అలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. ఆరా హెచ్ 8కి మాత్రమే ఉంటే చాలావరకు పుప్పొడి పోలికే. ఇక ఆహార ఐజీజీ పరీక్షల సంగతి. వందలాది పదార్థాలకు ఐజీజీ కొలిచి పడనివాటి పట్టిక ఇస్తారు. ఐజీజీ ఉందంటే ఆ ఆహారం తిన్నారని, ఒళ్లు దానికి అలవాటు పడిందని. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఇది నిర్ధారణకు పనికిరాదని తేల్చింది. నన్నడిగితే ఆ డబ్బుతో నచ్చినవి కొనుక్కు తినడం మేలు.

తుది తీర్పు మాత్రం తినిపించి చూడటమే. అత్యవసర మందులు చేతికందేలా పెట్టుకుని ఆసుపత్రిలోనే చేయాలి. విడతలు: 3, 10, 30, 100, 300, 1000, 3000 మిల్లీగ్రాములు. మధ్యలో కనీసం 20 నిమిషాలు. ఇవి ప్రోటీన్ బరువులు, పదార్థం బరువులు కావు. వేరుశెనగలో ప్రోటీన్ దాదాపు నాలుగో వంతు కాబట్టి, 3 మిల్లీగ్రాముల ప్రోటీన్ అంటే 12 మిల్లీగ్రాముల వేరుశెనగ. ఈ లెక్క తప్పితే పరీక్ష తప్పుతుంది. చివరి విడత తర్వాత కనీసం రెండు గంటలు కూర్చోబెట్టాలి. పరిశోధనల్లో అసలు పదార్థాన్నీ, ఉత్తుత్తిదాన్నీ రుచి, వాసన తెలియకుండా వేర్వేరు రోజుల్లో పెడతారు. ఏ రోజు ఏది పెట్టారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు.

చికిత్సలో ముందు ప్రాణం మీదికొచ్చేది. తీవ్ర దాడికి, అంటే అనాఫిలాక్సిస్‌కు, మందు అడ్రినలిన్. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న ద్రావణం, కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, పెద్దలకు 0.5 మిల్లీగ్రాముకు మించకుండా, తొడ బయటి వైపు మధ్యభాగంలో కండలోకి. తొడే ఎందుకంటే, పిల్లల మీద చేసిన అధ్యయనంలో తొడ కండలోకి ఇస్తే రక్తంలో గరిష్ఠ మోతాదు సగటున 8 నిమిషాలకు వచ్చింది, చర్మం కింద ఇస్తే 34 నిమిషాలు పట్టింది. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాలకు మళ్లీ ఇవ్వాలి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఆయాసం ఉంటే కూర్చోనివ్వవచ్చు. తేరుకున్నాడని చటుక్కున లేపి నడిపించకూడదు, అప్పుడే గుండె ఆగిన సందర్భాలు నమోదయ్యాయి. యాంటీహిస్టమిన్ దద్దుర్లు తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోయిన బీపీని లేపదు. దాని కోసం అడ్రినలిన్ ఆలస్యం చేయడమే అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. తర్వాత అది నిజంగా అనాఫిలాక్సిసేనా అని తేల్చడానికి, దాడి మొదలైన రెండు గంటల ప్రాంతంలో ట్రిప్టేజ్ చూడాలి, పూర్తిగా తగ్గాక మరోసారి చూడాలి. రెండోసారి వచ్చిన అంకెను 1.2తో గుణించి 2 కలపండి. మొదటి అంకె దానికి సమానమైనా, మించినా, మాస్ట్ కణాలు పేలినట్టే.

దీర్ఘకాల చికిత్స 1911 నాటిది. లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కించి చూశారు. ఇప్పటికీ సూత్రం అదే. ఇంజెక్షన్ తర్వాత 30 నిమిషాలు అక్కడే ఉండాలి, ప్రమాదకర దాడులు ఎక్కువగా ఆ వ్యవధిలోనే వస్తాయి. కనీసం మూడేళ్లు కొనసాగించాలి. 2017లో వచ్చిన గ్రాస్ ట్రయల్‌లో రెండేళ్లు ఇచ్చి ఆపేస్తే, మరుసటి ఏడాదికి ఉత్తుత్తి మందుతో పోలిస్తే తేడా మిగల్లేదు. కాస్త బాగుందని మధ్యలో ఆపేసేవాళ్లు ఈ ఫలితం గమనించాలి.

ఆహారానికి నోటి ద్వారా ఇచ్చే వేరుశెనగ పొడికి 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది, నిర్వహణ మోతాదు రోజుకు 300 మిల్లీగ్రాముల ప్రోటీన్, దాదాపు ఒక గింజ. ఇది రోగాన్ని తుడిచేయదు, పొరపాటున తిన్న కాస్తకు ప్రమాదం రాకుండా చూస్తుంది. జ్వరంలో, పరగడుపున, వ్యాయామానికి ముందు మోతాదు తీసుకుంటే నిన్నటిదాకా పడిన మోతాదే దాడి తేవచ్చు. ఐజీఈని మాస్ట్ కణం చేరకుండా పట్టేసే ఒమాలిజుమాబ్ అనే మందుకు 2024లో అమెరికాలో ఆహార అలర్జీకి అనుమతి వచ్చింది. ట్రయల్‌లో 67 శాతం మంది 600 మిల్లీగ్రాముల వేరుశెనగ ప్రోటీన్‌ను తట్టుకున్నారు, ఉత్తుత్తి మందు వర్గంలో 7 శాతమే. ఇది కూడా వాడుతున్నంత కాలమే.

సభలోంచి ప్రశ్న: చిన్నప్పుడు పెన్సిలిన్ పడదన్నారు. జీవితాంతం మానాలా?

బహుశా అక్కర్లేదు. పెన్సిలిన్ అలర్జీ అని రాసి ఉన్నవాళ్లను పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తట్టుకుంటారు. చాలామందికి అప్పట్లో వచ్చింది వైరస్ దద్దుర్లు. నిజంగా అలర్జీ ఉన్నవాళ్లలోనూ ఐజీఈ ఏళ్లు గడిచే కొద్దీ తగ్గిపోతుంది. పెద్దవాళ్లకు పెన్-ఫాస్ట్ అనే చిన్న లెక్క ఉంది. దాడి జరిగి ఐదేళ్ల లోపైతే 2 పాయింట్లు, అనాఫిలాక్సిస్, ముఖం వాపు లేదా చర్మం ఊడిపోయే తీవ్ర రకమైతే 2, అప్పుడు చికిత్స అవసరమై ఉంటే 1. మొత్తం 3 కన్నా తక్కువైతే ముప్పు తక్కువ, డాక్టరు సమక్షంలో నేరుగా నోటి మాత్రతో పరీక్షించవచ్చు. చర్మం ఊడిపోయిన చరిత్ర ఉంటే మాత్రం అంకె ఎంతైనా ఆ ప్రయత్నం చేయకూడదు. ఏమీ కాలేదని తేలాక ఆ మాట కాగితం మీద రాయించుకుని, పాత ఫైల్లో, మందుల దుకాణం రికార్డులో, కుటుంబ డాక్టరు దగ్గర, మూడుచోట్లా కొట్టేయించండి. ఒక్కచోట మిగిలినా తర్వాతి ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు మళ్లీ అదే రాసేస్తారు.